బత్తాయి చెట్టు మొదలు వంగి చూడండి
(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



పత్తి పోతే ఒక ఏడాది నష్టం. బత్తాయి చెట్టు ఎండితే ఐదారేళ్ల కష్టం, అప్పు అన్నీ ఎండినట్టే. అందుకే ఇవాళ బెరడు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మా తోటలో ఆకులు పసుపెక్కితే మందుల కొట్టుకు పోయాం. చెట్టు చూడకుండానే మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టాం, లాభం లేదు. చివరకు వంగి చూస్తే అంటు కట్టు దగ్గర బంక కారుతోంది, బెరడు కుళ్లి ఊడి వస్తోంది. అప్పటికే పదకొండు చెట్లు పోయాయి.

మన తోటల్లో బెరడుకు ఎక్కువగా వచ్చే దెబ్బలు మూడు.

ఒకటి, బంక తెగులు. మొదలుకు నీళ్లు తగిలి నిలిచేచోట భూమిలోని శిలీంధ్రం వల్ల వస్తుంది. కుళ్లిన బెరడును పచ్చి బెరడు కనిపించేదాకా గీకి, ఆ ముక్కలు ఏరి కాల్చి, బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం మరో 5 లీటర్లలో కలిపి, రెండూ ఒకచోట పోసి అదే రోజు వాడాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుప పాత్ర పనికిరాదు. మొదలు చుట్టూ చిన్న కట్ట వేసి, నీళ్లు దాని అవతలి పాదులోనే పారించాలి. అంటు కట్టు మట్టిలో పూడకూడదు.

రెండు, బెరడు తినే పురుగు. కొమ్మల పంగల్లో రంధ్రం, చుట్టూ పొట్టు, రెట్ట కలిసిన గూడు కనిపిస్తాయి. పగలు రంధ్రంలో దాక్కుని రాత్రి బెరడు తింటుంది. గూడు తుడిచేసి, తీగ దూర్చి పురుగును చంపి, కిరోసిన్‌లో తడిపిన దూది పెట్టి మట్టితో మూసేయాలి.

మూడు, నాగలి, గడ్డి కోసే యంత్రం, మేకలు చేసే గాయం. బెరడు చుట్టూరా పోతే ఆకు చేసిన ఆహారం వేరుకు దిగదు, చెట్టు చస్తుంది. ఒక పక్కే అయితే అంచులు నున్నగా కోసి అదే పేస్టు పూస్తే బతుకుతుంది.

కొత్త తోట వేసేవాళ్లు మొక్క దేని మీద అంటు కట్టిందో అడగండి. రంగపూర్ నిమ్మ మీద కట్టినది బంక తెగులును జంబేరి కంటే బాగా తట్టుకుంటుంది.

నర్సరీ రసీదు మీద ఆ వివరం రాయాలని, ఉద్యాన అధికారులు తోటలోకి వచ్చి చెట్టు చూసి చెప్పాలని, ఎండిన చెట్లకు కౌలు రైతుకూ పరిహారం ఇవ్వాలని మనం కలిసి అడుగుదాం. ఈలోగా రేపు పొద్దున్నే తోటలో ప్రతి చెట్టు మొదలూ ఒకసారి వంగి చూడండి.