మందు కన్నా ముందు పురుగును చూద్దాం
(పాలకుర్తిలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం మీటింగంటే మద్దతు ధర, కౌలు రైతుల గుర్తింపు, కరెంటు, అప్పుల ముచ్చటే ఉంటుంది. ఇవాళ పురుగుల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "గీ వయసుల పురుగులు పట్టుడేందే?" అన్నారు. నిజమే. మేము నలుగురైదుగురం కొంతకాలంగా పొద్దున్నే పెరట్లో పురుగులను చూస్తున్నాం. సీసాలో పట్టి, కొన్నాళ్లు చూసి, మళ్లీ వదిలేస్తున్నాం. సరదాగా మొదలైన ఈ పని ఇప్పుడు మా పెట్టుబడి లెక్కను మార్చింది.

చిన్నప్పుడు మనమందరం ఈ పని చేసినవాళ్లమే. తొలకరి వానలకు చెలకల్లో ఎర్రటి మఖమలు ముద్దల్లా ఆరుద్ర పురుగులు కనబడేవి. అగ్గిపెట్టెలో తడిమట్టి వేసి దాచుకునేవాళ్లం. కానీ దాని కాళ్లు ఎప్పుడైనా లెక్కపెట్టామా? ఎనిమిది ఉంటాయి. పురుగు జాతికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. అంటే ఆరుద్ర పురుగు సాలీడుకు చుట్టం. మట్టిలో వేరే పురుగుల గుడ్లను తిని బతుకుతుంది. ఈ సంగతి మాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

ఇక మేము చేసిన తప్పు చెబుతాం. కొన్నేళ్ల కింద మాలో ఒకరి బొబ్బర్ల చేనుకు పేనుబంక పట్టింది. దాని మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిపిల్లల్లాంటి పురుగులు తిరుగుతున్నాయి. భయపడి కొమ్మ తెంపుకొని మందుల దుకాణానికి పోయాం. దుకాణదారు కొమ్మను సరిగా చూడనే లేదు. రెండు డబ్బాలు చేతిలో పెట్టి ఖాతాలో రాసుకున్నాడు. కొట్టాం. ఆ నల్ల పురుగులన్నీ చచ్చాయి. కొద్ది రోజులకే పేనుబంక మళ్లీ వచ్చింది, ముందటికన్నా ఎక్కువగా.

ఆ తర్వాత పెరట్లో చిక్కుడు పందిరి మీద అవే నల్ల పురుగులు కనబడ్డాయి. ఈసారి ఒకదాన్ని సీసాలో వేసి, పేనుబంక ఉన్న కొమ్మ పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టాం. తెల్లారేసరికి పేను చాలావరకు మాయం. రోజూ కొత్త కొమ్మ పెడుతూ వచ్చాం. కొన్నాళ్లకు అది ఆకుకు అంటుకొని ముడుచుకుపోయింది, తర్వాత పెంకు చీల్చుకొని అక్షింతల పురుగై బయటికి వచ్చింది. అప్పు చేసి మందు కొని మన కావలిదారునే చంపుకున్నామని ఆ రోజు అర్థమైంది.

ఇక్కడొక మెలిక ఉంది. వంకాయ ఆకులను జల్లెడలా గీకి తినే పురుగును కూడా మనం అక్షింతల పురుగనే అంటాం. పేరు ఒకటే, పని వేరు. పేనును తినేది నున్నగా మెరుస్తుంది. వంగ మీదది మెరుపు లేకుండా, సన్నటి నూగుతో ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒంటినిండా ముళ్లతో ఉంటుంది. పేరు విని మందు కొడితే మోసపోతాం, కళ్లతో చూస్తే మోసపోం.

వరిలో సాలీడు సంగతి చూడండి. దుబ్బుల మొదట్లో గూడు అల్లకుండా పరుగెత్తి వేటాడే సాలీళ్లు ఉంటాయి. తల్లి గుడ్ల సంచిని మోసుకు తిరుగుతుంది, పిల్లలను వీపు మీద ఎక్కించుకుంటుంది. వీటికి సుడిదోమ ఇష్టమైన తిండి. దోమ తన గుడ్లను వరి మట్టల లోపల పెడుతుంది. మందు కొడితే బయటున్న సాలీళ్లు చస్తాయి, లోపలి గుడ్లు బతుకుతాయి. పిల్లదోమలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవాళ్లు ఉండరు. ఇండోనేసియాలో ఇట్లాగే దోమ విరుచుకుపడితే, 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి రైతులకు పొలం గట్టు మీదే పురుగుల చదువు చెప్పించింది. మనం పొలంబడి అంటున్నది అక్కడ పుట్టిందే.

సాలీడు అన్నీ చూసుకుంటుందని మేము చెప్పడం లేదు. పత్తిలో గులాబీరంగు పురుగు కాయ లోపల దాక్కుంటుంది, అక్కడికి సాలీడు పోలేదు. దానికి లింగాకర్షక బుట్టలు కట్టాలి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే అప్పుడు మందు ఆలోచించాలి. ఇది కూడా చూసి, లెక్కపెట్టి చేసే పనే.

1997-98లో మన వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు పడ్డప్పుడు ఎన్నిసార్లు కొట్టినా అది చావలేదు. అప్పులు మాత్రం పెరిగాయి. ఎందరు రైతులను పోగొట్టుకున్నామో మనం మరిచిపోలేం. అదే గడ్డ మీద, మనకు దగ్గర్లోని లింగాల ఘనపురం మండలం ఏనెబావి, పురుగుమందులు, రసాయన ఎరువులు లేని ఊరుగా 2006లో నిలబడింది. అది చిన్న ఊరే, కానీ ఊరంతా కలిసి చేసింది.

మీరు చేయవలసింది కష్టమైనది కాదు. ఒక గాజు సీసా, పల్చటి గుడ్డ, పిల్లల పాత నోటుబుక్కు చాలు. ఏ తేదీన, ఏ చెట్టు మీద, ఏ పురుగు, ఏం తింటోంది అని రాయండి. తేళ్లను, గొంగళ్లను ఒట్టి చేతితో ముట్టకండి. మందు కొట్టిన చేనులో వెంటనే దిగకండి. పిల్లలను తోడు తీసుకోండి, వాళ్ల కళ్లు మనకన్నా చురుకు. కలుపు తీసే అక్కలను అడగండి, ఆకు కింద ఏముందో వాళ్లకే ఎక్కువ తెలుసు.

సంఘం తరఫున ప్రభుత్వాన్ని ఒకటి అడుగుదాం. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ప్రతి వేదికలో, పంట కాలమంతా వారానికొకసారి, పురుగులను చూపించి చెప్పే పొలంబడి నడపాలి. కౌలు రైతులను, మహిళా కూలీలను కూడా పిలవాలి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర గడీకి పోనివ్వలేదు. ఇవాళ మన పంటలో ఎంత భాగం మందుల ఖాతాకు పోతోందో ఎవరికి వారు లెక్క చూసుకోండి. రేపు పొద్దున్న పెరట్లోకి పోయి ఒక ఆకు తిప్పి చూడండి. వచ్చే నెల మీటింగుకు మీ సీసాలు తీసుకొని రండి.