షాంపేను సీమ: నేలకు తగిన ద్రాక్ష
(కర్షకులకొసంగిన ఉపన్యాసము)



పొరుగువాని చేనికి అచ్చివచ్చిన విత్తనము మన చేనికి అచ్చిరాకపోవుట మీ రెరిగినదే. ఈ విషయమును గుర్తించి పేరును ధనమును గడించినవారు ఫ్రాన్సు దేశమునందలి షాంపేను సీమ రైతులు. నురుగులెత్తు ద్రాక్షాసవమునకు ప్రసిద్ధి చెందిన యీ సీమ పారిసు నగరమునకు తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. తోటల విస్తీర్ణము సుమారు 84,000 ఎకరములు.

అచ్చటి సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీల సెంటీగ్రేడు మాత్రమే. ఆ చలిలో ద్రాక్షకు తీపి నిదానముగా పట్టును, పులుపు నిలిచియుండును. లోపముగా తోచు నీ పులుపే ఆసవమునకు ప్రాణము. ఒకసారి పులిసిన రసమును సీసాలలో నింపి, చక్కెరయు ఈస్టును చేర్చి బిగింతురు. మరల పులియునపుడు పుట్టిన వాయువు వెలికిపోలేక రసమునందే కరగును. నురుగునకు కారణ మిదియే.

సీమలో పెక్కుచోట్ల నేల సుద్దరాయి. ఘనమీటరు సుద్ద 300 మొదలు 400 లీటర్ల నీటిని పట్టియుంచగలదు; మిగిలిన నీరు క్రిందికి దిగిపోవును. కావున వానలకు వేరు కుళ్లదు, ఎండలకు తీగ వాడదు. తోటలను వాలునేలలందు పెంచుటచే ఎండ చక్కగా తగులును, చలిగాలి పల్లమునకు జారిపోవును.

ముఖ్యమైన ద్రాక్షజాతులు మూడు. తూర్పుముఖమైన సుద్దవాలులందు తెల్లని షార్డొనే నాటుదురు. అది ఆసవమునకు తేలికదనము నిచ్చును. రాన్స్ పట్టణమునకు దక్షిణపు కొండవాలులందు నల్లని పినో న్వార్ హెచ్చు. అది పుష్టి నిచ్చును. మార్న్ నదీలోయలో బంకమన్ను అధికము, మంచుభయము కలదు. అచ్చట ఆలస్యముగా చిగిర్చి మంచును తప్పించుకొను మ్యునియే నాటుదురు. లేతచిగుళ్లు పిండి చల్లినట్లు తెల్లగా నుండుటచే దానికి పిండిమరవాడను నర్థము గల ఆ పేరు వచ్చినది. ఒకచోట పంట తగ్గినను, వేరొకచోటి రసముతో పొందికగా కలిపి రుచిని నిలుపుదురు.

అయితే పేరు వచ్చినంత మాత్రమున రైతునకు లాభము దక్కదు. ఇరువదవ శతాబ్దారంభమున పంటలు చెడిన యేండ్లలో కొందరు వర్తకులు పరప్రాంతపు ద్రాక్షరసమును తెచ్చి షాంపేనను పేర విక్రయించిరి. స్థానిక రైతుల ద్రాక్షకు గిరాకి పడిపోయెను. 1911లో రైతులు తిరుగబడి, అట్టి వర్తకుల కొట్లను పగులగొట్టి ఆసవమును వీధుల పాలు చేసిరి. సుద్దకు బదులు సున్నపుపాలు గల బంకమన్ను నేలలున్న ఓబ్ ప్రాంతమును 1908 నాటి ఉత్తరువు సీమలో చేర్చనందున, అచ్చటి రైతులును ఆందోళన సల్పిరి. తుదకు 1927 సంవత్సరపు శాసనము ఓబ్ గ్రామములను చేర్చి, సీమ యెల్లలను, నాటదగిన జాతులను నిర్ణయించెను. ఓబ్‌లో నేడు పినో న్వార్ ప్రధానమైన పంట.

మన బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పేరు గల పంటలో పరాయి సరకు కలిసినచో మొదట నష్టపడువాడు రైతే. కావున మీ పొలమునందలి మెరకపల్లములను, మంటి స్వభావమును పరీక్షించి, దానికి తగిన జాతినే నాటుడు. అంటుమొక్కలను తెలిసిన తోటలనుండి తెచ్చుకొనుడు. సరకు వేరుచేసి, కల్తీ లేక అమ్ముడు. నేల యిచ్చిన గుణమును కాపాడుకొనుట రైతు చేతిలోని పనియే.