గేర్లు లేని గడ్డి కోత బండి: ఆయిలే ఇంజిన్ బలం, ఆయిలే బ్రేక్

అమెరికాలో ఉన్న మనవాళ్ల వీడియోల్లో కూర్చుని నడిపే గడ్డి కోత బండి చూసే ఉంటారు. రైడింగ్ లాన్ మోవర్. హైడ్రోస్టాటిక్ మోడల్ అయితే అందులో క్లచ్ ఉండదు, గేర్లు మార్చే పని ఉండదు. పెడల్ ముందుకి నొక్కితే ముందుకి, వెనక్కి నొక్కితే వెనక్కి. మరి చక్రాల దాకా బలాన్ని మోసేది ఏంటి? ఆయిల్!

ఇంజిన్ బెల్టుతో ఒక పంపుని తిప్పుతుంది. పంపు లోపల గుండ్రంగా పేర్చిన చిన్న పిస్టన్లు, వాటికి ఎదురుగా ఒక పళ్లెం. పేరు స్వాష్ ప్లేట్. పళ్లెం వాలకుండా తిన్నగా ఉంటే పిస్టన్లు ఊరికే తిరుగుతాయంతే, అది న్యూట్రల్. పెడల్ నొక్కారనుకోండి, పళ్లెం వాలుతుంది. ఇక ప్రతి పిస్టనూ సిరంజిలా లోపలికీ బయటికీ ఆడుతూ ఆయిల్‌ని లాగి తోస్తుంది. ఆ ఆయిల్ ఇంకో మోటారుని తిప్పుతుంది, మోటారు ఇరుసుని తిప్పుతుంది. పళ్లెం ఎంత వాలితే అంత స్పీడు. రెండో వైపు వాలితే ఆయిల్ ఎదురు తిరుగుతుంది, బండి రివర్స్. ఇంజిన్ మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కు! నాకైతే ఇదే భలే నచ్చింది. మన ఊళ్లలో వరి కోసే చైన్ మిషన్లు ఉన్నాయి కదా, కుబోటా లాంటివి, వాటిలోనూ ఇదే పద్ధతి.

ఇప్పుడు అసలు విషయం. పెడల్ వదిలితే పళ్లెం తిన్నగా అయిపోతుంది, ఆయిల్‌కి పోయే దారి ఉండదు, చక్రం ఆగుతుంది. అంటే మీ బ్రేక్ కూడా ఆ ఆయిలే అన్నమాట. ఎండలో, ఏటవాలు నేల మీద చాలాసేపు కోస్తే ఆయిల్ వేడెక్కి పల్చబడుతుంది, లోపలి సన్న సందుల్లోంచి తప్పించుకుంటుంది. ఎక్కేటప్పుడు బండి నీరసిస్తుంది, దిగేటప్పుడు పట్టు తగ్గుతుంది. బండి పాతదైపోయింది అనుకునే ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, వెనక ట్రాన్స్‌మిషన్ మీదున్న ఫ్యాన్, రెక్కల దగ్గర ఇరుక్కున్న ఎండుగడ్డి తీసేయండి. చాలామంది పైపైన నీళ్లు కొట్టి వదిలేస్తారు, అక్కడ చూడరు.

వెనకాల ఒక చిన్న లివర్ కూడా ఉంటుంది, బైపాస్. ఇంజిన్ ఆపి బండిని చేత్తో తోయడానికి. అది లాగితే ఆయిల్ అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతుంది, అంటే ఆ బ్రేక్ పోయినట్టే. ఏటవాలులో దాన్ని ముట్టుకోవద్దు, ప్లీజ్.

ఇంజిన్ ఆపాక కూడా ఆయిల్ కొంచెం కొంచెం జారుతూనే ఉంటుంది. కదలకుండా నిలబడ్డ బండి అలాగే ఉంటుందని నమ్మి దిగిపోకండి. పార్కింగ్ బ్రేక్ వేసే దిగండి, దానికి ఈ ఆయిల్‌తో పనిలేదు.