పీడనం ఒక దారి, వేడి ఒక దారి



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ ఆచార్యులు మాకు ఉష్ణగతిశాస్త్రం చెప్పారు. ఏ పీడనంలో నీరు ఎంత వేడి దగ్గర మరుగుతుందో చెప్పే ఆవిరి పట్టికలను బట్టీ పట్టనిచ్చేవారు కాదు. పట్టికలోని ఈ అంకె ఏ యంత్రం రూపాన్ని నిర్ణయించిందో చెప్పండి అని అడిగేవారు. ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ రెండు యంత్రాల చరిత్ర చెప్పదలచుకున్నాను. ఒకటి విద్యుత్ కేంద్రంలోని ఆవిరి టర్బైన్, రెండోది కాఫీ దుకాణంలోని ఎస్ప్రెసో యంత్రం. మొదటిది ఇంజనీరింగ్ అనీ, రెండోది వంటింటి సామాను అనీ విడదీసి చూడటం మనకు అలవాటైంది. చరిత్ర చూస్తే ఆ గీత నిలవదు.

1679లో డెనీ పాపిన్ లండన్‌లో ఎముకలను మెత్తగా ఉడికించే మూత బిగించిన పాత్ర చేశాడు. మన ప్రెషర్ కుక్కర్‌కు అదే పూర్వరూపం. పాత్ర పగలకుండా దానికి సేఫ్టీ వాల్వు అమర్చాడు. సిలిండర్‌లో పిస్టన్‌ను ఆవిరి సాయంతో కదిలించవచ్చని 1690లో ప్రతిపాదించినదీ అతడే. ఆవిరి యంత్రం ఊహ, వంటపాత్ర ఒకే మనిషి చేతిలో పుట్టాయన్నమాట.

ఇలాంటిదే రెండు శతాబ్దాల తర్వాత స్వీడన్‌లో జరిగింది. గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాల నుంచి మీగడను ఆగకుండా వేరుచేసే అపకేంద్ర యంత్రం తయారుచేశాడు. అది నిమిషానికి వేల చుట్లు తిరగాలి. అప్పటి పిస్టన్ ఇంజన్లకు అంత వేగం లేదు. దాంతో ఆవిరిని సూటిగా రెక్కల చక్రం మీదికే చిమ్మించాడు. మొదట సన్నబడి తర్వాత వెడల్పయ్యే అతడి నాజిల్‌లో ఆవిరి ధ్వని వేగాన్ని దాటిపోయింది. చక్రం నిమిషానికి 30,000 చుట్ల దాకా వెళ్లింది. అంత వేగానికి గట్టి ఇరుసు తట్టుకోదని, సన్నగా వంగే ఇరుసు పెట్టాడు. దాని సందిగ్ధ వేగం (క్రిటికల్ స్పీడ్) దాటిన తర్వాత చక్రం తన సమతూకాన్ని తానే వెతుక్కుంటుంది. ఈనాటి రాకెట్ నాజిల్‌కు, అతివేగ టర్బైన్ ఇరుసుకు మూలమైన ఆలోచనలు పాల వ్యాపారం అవసరాల మధ్య పెరిగాయి. ఈ సంగతి పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక 1884. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో చార్లెస్ పార్సన్స్ తన టర్బైన్‌కు పేటెంట్ కోరాడు. మే నెలలో ఇటలీలోని టూరిన్‌లో ఏంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ కాచే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండే అవకాశం లేదు. బాయిలర్లు నమ్మకంగా తయారవుతున్న కాలం అది. ఆవిరిని ఎలా వాడుకోవాలన్నదే ఆనాటి ప్రశ్న.

పార్సన్స్ జవాబు చూడండి. బాయిలర్ పీడనమంతా ఒక్కసారే వేగంగా మారితే ఆ వేగాన్ని అందుకోవడానికి చక్రం అంచు భయంకరమైన వేగంతో తిరగాలి. అందుకని మేడమీంచి దూకకుండా మెట్ల మీదుగా దిగినట్టు, పీడనాన్ని ఎన్నో చిన్న అంచెల్లో దించాడు. ఒక్కో అంచెలో కదలని రెక్కల వరుస, దాని వెంట తిరిగే రెక్కల వరుస. ఇరుసు ఒక పక్కకు నెట్టుకుపోకుండా ఆవిరిని మధ్యలో ప్రవేశపెట్టి రెండు వైపులకూ పంపాడు. తొలి యంత్రం 7.5 కిలోవాట్లు ఇచ్చింది, నిమిషానికి 18,000 చుట్లు. 1889లో భాగస్వాములతో విడిపోయినప్పుడు తన పేటెంట్ల మీద హక్కునే పోగొట్టుకున్నాడు. అవి 1894లో గానీ తిరిగి చేతికి రాలేదు. మూడేళ్ల తర్వాత, విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకాదళ ప్రదర్శనలో అతడి ‘టర్బీనియా’ పడవ 34 నాట్ల వేగంతో యుద్ధనౌకల వరుసల మధ్య దూసుకుపోయింది. దాన్ని పట్టుకోగల పడవ అక్కడ లేదు.

మొరియోండోకు అలాంటి రోజు రాలేదు. 1884 టూరిన్ ప్రదర్శనలో కాంస్య పతకం వచ్చింది కానీ యంత్రాన్ని అమ్మకానికి పెద్దయెత్తున చేయలేదు. పైగా అది కాఫీని ఒకేసారి ఎక్కువ మోతాదులో కాచేది. అడిగిన మనిషికి అడిగిన క్షణాన ఒక కప్పు కాచే పద్ధతికి 1901లో మిలాన్ వాసి లుయిజీ బెజెరా పేటెంట్ కోరాడు. పొడిని పిడి ఉన్న చిన్న గిన్నెలో నింపి యంత్రానికి బిగించడం అతడి ఏర్పాటే. ఆ పేటెంట్‌ను దెసిదేరియో పావోనీ కొని యంత్రాన్ని తయారీకి దింపాడు. 1906 మిలాన్ ప్రదర్శన నాటికి యంత్రం జనం ముందుకు వచ్చింది.

అయితే ఆ కాఫీ మాడు వాసన వేసేది. ఎందుకో ఆవిరి పట్టికే చెబుతుంది. ఆ యంత్రాల్లో నీటిని పొడిలోకి తోసేది బాయిలర్ ఆవిరే. వాతావరణానికి మించి 1.5 బార్ పీడనం కావాలంటే బాయిలర్‌లో నీరు 127 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. కాఫీ దిగడానికి మంచి వేడి 90కీ 96కీ మధ్య. పోనీ చిక్కగా దించడానికి 9 బార్ కావాలనుకుంటే, ఆవిరి ద్వారానైతే నీటిని 180 డిగ్రీలకు చేర్చాలి. అంటే పీడనం పెంచిన ప్రతిసారీ రుచి పాడవుతుంది. బాయిలర్ ఎంత బాగా చేసినా ఈ ముడి వీడదు. ఇది పనితనంలో లోపం కాదు, నీటి స్వభావం.

ముడి విప్పినవాడు మిలాన్‌లో కాఫీ బార్ నడిపిన అకిలె గాజ్జా. 1938లో ఆవిరి లేకుండా కాఫీ దించే పద్ధతికి, యుద్ధం తర్వాత 1947లో లీవరు, స్ప్రింగు ఉన్న పిస్టన్‌కు పేటెంట్లు తీసుకున్నాడు. మనిషి లీవరు దించితే స్ప్రింగు ముడుచుకుంటుంది, పిస్టన్ కింది గదిలోకి వేడినీరు వస్తుంది. లీవరు వదలగానే స్ప్రింగు ఆ నీటిని 8, 9 బార్ పీడనంతో పొడిలోంచి తోస్తుంది. వేడి ఇవ్వడం బాయిలర్ పని, నెట్టడం స్ప్రింగు పని. కాఫీ మీద బంగారు రంగు నురగ తేలింది. ఆ చిన్న గదిలో పట్టే నీరే ఎస్ప్రెసో కొలత అయింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప అడుగు ఇదేనని నా అభిప్రాయం. ఆవిరి చేత రెండు పనులు చేయించడం మానేయాలని తోచడానికి, మొరియోండో నుంచి లెక్కిస్తే యాభై ఏళ్లకు పైగా పట్టింది.

1961లో ఫేమా సంస్థ స్ప్రింగు స్థానంలో మోటారు పంపు పెట్టి ‘ఈ 61’ తెచ్చింది. ఆ ఏటి సూర్యగ్రహణం (ఎక్లిప్స్) పేరే దానికి పెట్టారు. పంపు నెట్టిన మంచినీరు బాయిలర్ లోపలి గొట్టం గుండా పోతూ వేడెక్కుతుంది. గొట్టంలో 9 బార్, చుట్టూ ఉన్న ఆవిరిలో ఒకటికి కాస్త ఎక్కువ. టర్బో యంత్రాలు చదివే విద్యార్థులు ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ పంపు అపకేంద్ర పంపు కాదు. సెకనుకు ఒకటి రెండు మిల్లీలీటర్ల ప్రవాహానికి అంత పీడనం కావాలంటే తిరిగే చక్రం దండగ. గదుల్లో నీటిని బంధించి నెట్టే పంపే తగినది. ఏ చోట టర్బో యంత్రం వద్దో తెలియడం కూడా ఆ శాస్త్రంలో భాగమే.

మన పెళ్లిళ్లలో ‘ఎస్ప్రెసో’ పేరుతో బుస్సుమనే యంత్రం ఉంటుంది కదా, అది ఈ వరుసలోనిది కాదు. పొడి కలిపిన పాలను ఆవిరితో వేడిచేసి నురగ తెప్పించడమే దాని పని. కాఫీని పీడనంతో దించదు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ కళాశాల ప్రయోగశాలలో టర్బైన్ రెక్కల నమూనా పక్కన, పాత లీవర్ కాఫీ యంత్రమొకటి సంపాదించి, నిలువునా కోసి పెట్టండి. స్ప్రింగు, పిస్టన్, నీటి గది, పొడి గిన్నె పైకి కనబడాలి. మొదటి ఏడాది పిల్లలు ఆవిరి పట్టిక చేత పట్టుకుని దాని ముందు నిలబడి, 127, 180 అంకెలను తామే వెతికి తీయాలి. అందుకయ్యే ఖర్చులో నా వంతు నేనిస్తాను.