గాజుతొట్టిలో ఏంజెల్ చేపల పెంపకం



అమెజాన్ నదీ ప్రాంతం నుంచి మన గాజుతొట్లలోకి వచ్చిన ఏంజెల్ చేప సిక్లిడ్ కుటుంబానిది. చూపుకు ఆడా మగా తేడా తెలియదు. అందుచేత అరడజను పిల్లలను కలిపి పెంచండి. జత అవే కడతాయి. ఆ జతను లోతైన వేరే తొట్టిలోకి మార్చవలెను. నీటి వేడి 27, 28 డిగ్రీలుండాలి. పలకరాయి ఏటవాలుగా నిలబెడితే దానిమీద గుడ్లు అంటిస్తాయి. ఇక అక్కడ అలికిడి కూడదు. బెదిరితే తమ గుడ్లు తామే తినేస్తాయి. రెండు మూడు రోజులకు గుడ్లు పగులుతాయి. మరో అయిదారు రోజులకు పిల్లలు ఈదుతాయి. మేత అప్పుడే మొదలుపెట్టండి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలు శ్రేష్ఠం. ముందే వేస్తే నీరు చెడుతుంది.

ఒక్క విడతకే వందల పిల్లలు రావచ్చు. ఎక్కువైతే చెరువులో వదిలేద్దాం అనుకోకండి! 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా ఈ కుటుంబానిదే. అది చెరువుల్లో విపరీతంగా పెరిగి మన చేపల మేతకు పోటీ అయింది. పరాయి చేపను నీళ్లలో వదలడం తేలిక, తిరిగి ఏరడం కష్టం. కనుక జతను కట్టించే ముందే చాలినన్ని తొట్లూ, పిల్లలను కొనే అంగడీ చూసుకోవలెను.