శ్రీశైలమునకు అడవిదారిని

(ఉగాది యాత్రకు కాలినడకను బయలుదేరుచున్నవారి సమావేశమున, శ్రీరాంపూర్‌లో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి శ్రీశైలము నడచి పోవలెనని ఈ యేడు 58 మంది పేర్లు వ్రాయించుకొన్నారని విని సంతోషించితిని. వీరిలో గనిలో దిగువారు కలరు, ఓపెన్‌కాస్టులో బండ్లు నడపువారు కలరు. నస్పూర్, తీగల్‌పహాడ్, ఇందారం గ్రామముల రైతులును కలరు. పదునొకండుగురు స్త్రీలు కూడ బయలుదేరుచున్నారు. ప్రచారాధికారి మాటలాడుటకు లేచినాడనగా ఏదో పథకమును గూర్చి చెప్పునని మీరు తలచుట సహజమే. ఈ సాయంకాలము నేను చెప్పవలసినది పథకము కాదు. క్రిందటి యేడు ఇదే దారిలో నా వలన జరిగిన ఒక పొరపాటును చెప్పుకొనవలసి యున్నది. దారి తెలియనిదే ఆ పొరపాటు ఎంతటిదో తెలియదు గనుక ముందుగా దారిని గూర్చి కొంత చెప్పెదను.

శ్రీశైలమునకు నేడు చక్కని రోడ్లున్నవి. ఉదయము హైదరాబాదులో బస్సెక్కి మన్ననూరు, దోమలపెంటల మీదుగ పోయినవారు మధ్యాహ్నమునకు మల్లన్న సన్నిధిని ఉందురు. ఘాటు రోడ్లు పడకమునుపు అందరిదియు కాలినడకయే. ఆ క్షేత్రమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఇందులో కడపటి రెండును మన తెలంగాణములోనివే. మన పాలకుర్తివాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమునే ఈ కొండయాత్రకు కేటాయించెను. అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున యాత్రికుల కొరకు శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి పరివారముతో కాశికి బయలుదేరి, త్రోవలో శ్రీశైలమును దర్శించి, ఆ అడవిదారిని మజిలీలతో సహా తమ కాశీయాత్ర చరిత్రలో వ్రాసిపెట్టిరి. మనము నడువబోవునది ఆ పాతదారియే.

నంద్యాల జిల్లా ఆత్మకూరు ప్రక్కన వెంకటాపురము దాటగానే అడవి మొదలగును. అచ్చటి నుండి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము, హటకేశ్వరము, పిదప శ్రీశైలము. నలువది కిలోమీటర్లకు పైబడిన నడక. నాగలూటిలో వీరభద్రుని గుడి యున్నది. పెద్దచెరువు వరకు దారి కష్టమైనది కాదు. మన వైపు అడవుల నెరిగినవారికి ఆ చెట్లన్నియు చుట్టములవలెనే కనబడును. తునికి, మోదుగ, మద్ది, వెదురు. ఉగాదినాటికి ఆకులు రాలి నీడ యుండదు. భీముని కొలను వద్దనే అసలు పరీక్ష. అచ్చట నేల చీలినట్లు లోయ యున్నది. మెట్లవెంట అడుగునకు దిగి, మరల అంతటి మెట్లను ఎండలో ఎక్కవలెను. ఎక్కిన చోటనే కైలాసద్వారము. ఆ పేరు పెట్టినవారెవరో గాని, ఎక్కివచ్చినవాని ఊపిరి నెరిగియే పెట్టియుందురు.

ఉగాదికి ఈ దారిని నడచువారిలో అధికులు కన్నడ సోదరులు. బాగల్‌కోట, విజయపుర, బెళగావి వైపు నుండి గుంపులు గుంపులుగా, కొందరు తమ ఊరి నుండియే నడచి వత్తురు. వారికి భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న తమ అల్లుడు. పుట్టింటివారు బిడ్డను చూడబోవునట్లు చీర, పసుపు కుంకుమలు పట్టుకొని వత్తురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. నా కథలో మరల వచ్చును.

క్రిందటి యేడు మనము 42 మందిమి పోతిమి. పెద్దగా నన్ను నిలిపిరి. వెంకటాపురము వద్ద అందరిని వరుసగా నిలిపి లెక్క పెట్టితిని. నాగలూటి వద్దను పెట్టితిని. ఆ రాత్రి పెద్దచెరువు గట్టున భజనచేసి పండుకొంటిమి. మరునాడు తెల్లవారకముందే, ఎండ ముదరకమునుపే లోయ దాటవలెనను తొందరలో, లెక్క పెట్టకయే బయలుదేరితిమి. కుర్రవారు ముందు, నేను వారి వెంట. వెనుక ఎవరున్నారో చూచినవారు లేరు. పది గంటలకు కైలాసద్వారము వద్ద కూర్చుండి లెక్కించితిని. 41. మరల లెక్కించితిని. మూడవసారియు 41.

లేనివారు ఎవరో చెప్పనక్కర లేదు, ఈ సభలోనే కూర్చున్నారు. ముప్పది యేండ్లు గనిలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన. ఆయనకు చక్కెర వ్యాధి యున్నదని ఎవరికిని తెలియదు. తెలిసినచో వెంట తీసికొనిపోరని దాచిపెట్టిరి. మ్రొక్కుబడి గనుక చెప్పులు లేక నడచిరి.

నేనును మరి ఇద్దరు యువకులును వెనుకకు దిగితిమి. ఎక్కివచ్చిన మెట్లనే దిగి, మరల అవతలి గట్టు నెక్కితిమి. ఎదురుగా వచ్చు ప్రతి గుంపును అడిగితిమి. భాష తెలియక కొందరు తల యూపిరి, కొందరు చేయి చూపిరి. ఆ రెండు గంటలలో నా మనస్సున పోయిన ఆలోచనలు మీకు చెప్పను. వారి ఇంటి గుమ్మము ముందు నిలిచి ఏమని చెప్పవలెనో మాటలు కూర్చుకొనుచు నడచితిననిన చాలును.

మఠంబావికి ఇవతల ఒక మోడుచెట్టు క్రింద ఆయన కనబడిరి. ఒక కన్నడ ముసలమ్మ ఒడిలో తల పెట్టుకొని పండుకొని యుండిరి. ఆమె వారు పంచెను రెండు కర్రలపై కప్పి నీడ చేసిరి. బెల్లపు నీరు త్రాగించి, గట్టి జొన్నరొట్టెను నీటిలో నానవేసి పెట్టిరి. వారి గుంపంతయు, దాదాపు ముప్పది మంది, తమ ప్రయాణము నాపుకొని అచ్చటనే కూర్చుండిరి. మీకు ఆలస్యమాయెనే యని నేను చేతులు జోడించగా, వారిలో కొంత తెలుగు వచ్చిన ఒకడు, “మా ఆడబిడ్డ ఇంటికి వచ్చే చుట్టాన్ని దారిలో వదిలితే ఆమె మమ్మల్ని లోపలికి రానిస్తుందా?” అనెను.

గనిలో ప్రథమ చికిత్స నేర్చిన ఆ ఇద్దరు యువకులు కన్నడవారి చేతికర్రలు రెండింటికి దుప్పటి బిగించి డోలీ కట్టిరి. పచ్చి వెదురును నరుకుట నేరమని వారు ఎరుగుదురు. మెట్ల వద్ద మాత్రము డోలీ పనికిరాలేదు. నాలుగు చేతులు పెనవేసి పీటవలె చేసి, వంతులవారీగా ఎక్కించిరి. కైలాసద్వారము చేరిన పిదప ఆ పెద్దాయన నన్ను చూచి ఒక్క మాట యనిరి. ఆయన మాటలలోనే చెప్పెదను. “గనిల ముప్పై యేండ్లు జేసిన సార్. ఒక్క షిఫ్టుల గూడ నన్ను లెక్కవెట్టకుంట పైకి రాలె. దేవుని తానికి పోయేటప్పుడు లెక్క యాదికి రాలేదా?”

దానికి నా వద్ద సమాధానము లేకుండెను. నేటికిని లేదు.

ఈ యేడు ఆయన మరల పేరు వ్రాయించుకొన్నారు. వద్దని మీరైన చెప్పుడని ఆయన కుమారుడు నన్ను వేడుకొనెను. పోయి చెప్పవలెననియే వారి ఇంటికి పోతిని. ఆయన మాటలాడక, క్రొత్త కాన్వాసు బూట్లు తెచ్చి నా ముందు పెట్టిరి. వైద్యుని చీటి చూపిరి. నెమ్మదిగా నడచినచో పోవచ్చునని అందులో ఉన్నది. మ్రొక్కు చెప్పుల విషయమై కదా యని అడుగగా, “మల్లన్నకు నా కాళ్ళు కావలెనా, నేను కావలెనా?” అని నవ్విరి. వద్దను మాట నా నోట రాలేదు. ఆయన వచ్చుటయా, మానుటయా అనునది కాదు సమస్య. మనము ఎట్లు నడుతుమనునదే సమస్య అని ఆ గుమ్మములో నాకు తోచినది.

మన జిల్లాలోనే దీనికి చక్కని మార్గదర్శకులున్నారు. జన్నారం మండలము కలమడుగు వద్ద గోదావరిలోని హస్తినమడుగునకు మెస్రం వంశపు గోండు సోదరులు ప్రతి యేడు కేస్లాపూర్ నుండి అడవులవెంట కాలినడకను వచ్చి, నాగోబా పూజకు జలము తీసికొనిపోవుదురు. పుష్య అమావాస్య పూజకు చేరులోపల ఎన్నో దినములు నడక. తెల్లని బట్టలు, చెప్పులు లేని పాదములు, ఒకరి వెనుక ఒకరు. నేను చూచినంతలో ఆ వరుసలో కుర్రవాడు ముసలివానిని దాటి ముందునకు పోలేదు. వారికి ఎవరును ఉపన్యాసము చెప్పలేదు.

కావున ఈ యేడు ఆ పెద్దాయన మన వరుసకు ముందు నడచును. ఆయన అడుగే అందరి అడుగు. కుర్రవారు ఒకటిన్నర దినములో ముగించు నడకకు మనము మూడు దినములు తీసికొందుము. ఇది ఇష్టము లేని యువకులు వేరుగా పోవచ్చును, నాకు కోపము లేదు. పదేసి మందికి ఒక సర్దారును పెట్టితిమి. మన గనులలో సర్దారు చేయునదే అడవిలోను చేయవలెను. బయలుదేరునపుడు లెక్క, ఆగినపుడు లెక్క, లోయలో దిగకముందు లెక్క, ఎక్కిన పిదప లెక్క. కడపటి మనిషి వెనుక ఒక సర్దారు తప్పక ఉండవలెను. చక్కెర, రక్తపు పోటు, ఉబ్బసము, మూర్ఛ ఉన్నవారు ఈ రాత్రియే సర్దారు చెవిలో చెప్పుడు. ఎవరిని ఇంటికి పంపము. మీ మందు ఏ సంచిలో ఉన్నదో మరియొకనికి తెలిసి యుండవలెను, అంతే.

ఆహారమును గూర్చి అమ్మలకు నేను చెప్పనక్కర లేదు. సకినాలు, పేలాలు, పుట్నాలు, బెల్లము చాలును. నీటిలో ఉప్పు, చక్కెర కలుపు పొట్లములు ప్రతివారి వద్దను ఉండవలెను. యాత్రా దినములలో దారివెంట నీటి ఏర్పాట్లు, అన్నదానములు ఉండును గాని, వానిని నమ్మి వట్టి సీసాతో బయలుదేరరాదు.

నిప్పును గూర్చి మాత్రము కొంత గట్టిగా చెప్పెదను. ఆ అడవి 1983 నుండి పులుల సంరక్షణ ప్రాంతము. ఏడాది పొడుగున మూసియుండు ఆ దారిని శివరాత్రికిని ఉగాదికిని నియమిత దినములలో యాత్రికులకు తెరతురు. మోకాలెత్తు ఎండుగడ్డి, రాలిన ఆకు, వేడిగాలి. ఒక బీడీముక్క చాలును. పొరలో పట్టిన నిప్పు పైకి కనబడక లోలోపల ఎంత దూరము పోవునో, గోడలు కట్టి గాలి నాపినను ఎన్నేండ్లు కాలునో బొగ్గుపనివారికి నేను చెప్పుట హాస్యాస్పదము. గని ద్వారమున అగ్గిపెట్టెను ఎట్లు అప్పగింతురో, వెంకటాపురము వద్ద అట్లే బీడీలు, అగ్గిపెట్టెలు సర్దారుకు అప్పగింపుడు. వంట అనుమతించిన మజిలీలలోనే. కర్పూరమును కూడ గుడిలోనే వెలిగింపుడు, చెట్టు మొదట వద్దు. క్రిందటి యేడు ఒక రాతి బొమ్మ ముందు వెలిగించిన హారతి ప్రక్క గడ్డికి అంటుకొనగా మనవారే కాళ్ళతో తొక్కి ఆర్పిరి. అది భక్తివలన వచ్చిన ఆపదయే గాని ఆపద కాకపోదు.

ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఎన్ని తీసికొనిపోవుదుమో అన్నియు మరల శ్రీశైలము చేర్చవలెను. మైకులు, బాణసంచా వద్దు. చీకటి పడిన పిదప నడక లేదు. ఎలుగుబంట్లు తిరుగు వేళ అది.

నాగలూటి, పెద్దచెరువులలో చెంచులు ఉన్నారు. మల్లన్న చెంచుల ఆడపిల్లను పెండ్లాడినాడని, ఆయన తమకును అల్లుడని వారి కథ. చెంచు మల్లయ్య యనియే పిలుతురు. అనగా కన్నడవారును చెంచులును ఇరువురు అత్తింటివారే! మనము వారి ముంగిటి నుండి పోవువారము. అడుగక ఇంటి ముందు పండుకొనుట, పిల్లలను నిలిపి ఫోటోలు తీయుట మర్యాద కాదు. త్రోవ వారినడుగుడు. ఏ చెలమలో నీరున్నదో వారికి తెలిసినట్లు ఎవరికిని తెలియదు.

దర్శనమైన మరునాడు శిఖరేశ్వరమునకు పోవుదుము. అది 2,830 అడుగుల ఎత్తు. నంది కొమ్ముల నడుమనుండి ఆలయ శిఖరము కనబడినచో మరుజన్మ లేదని నమ్మిక. అచ్చట నువ్వులు వేసి నందిని త్రిప్పుచు చూతురు. క్రిందటి యేడు ఆ పెద్దాయన కాళ్ళకు కట్లతో సత్రములోనే యుండవలసి వచ్చినది. ఆయన మ్రొక్కులో మిగిలినది అదే.

ఎల్లుండి సాయంత్రము ఆరు గంటలకు అందరును మంచిర్యాల రైల్వేస్టేషను చేరవలెను. సికింద్రాబాదులో బండి మారి కర్నూలు, అచ్చటి నుండి బస్సులో ఆత్మకూరు. ప్లాట్‌ఫారము మీదనే మొదటి లెక్క. ఒకటి అని పలుకవలసినవారు ఆ పెద్దాయన. 58 అని పలుకవలసినవాడను నేను.