కిరాయి పైసలన్నీ లాభమేనా?

(కాలనీలో ఇండ్ల ఓనర్లు, కిరాయిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో సగం మంది ఇల్లు కిరాయికి ఇచ్చినోళ్లు, సగం మంది కిరాయికి ఉంటున్నోళ్లు. మోటరు కాలితే పైసలెవరు పెట్టాలె అన్న కాడ తగువు మొదలైతది. దానికి ముందు అసలు లెక్క చూద్దాం.

హైదరాబాద్‌లో ఒక పోర్షన్ నెలకు 8,000కు ఇచ్చిండ్రనుకుందాం. ఏడాదికి 96,000. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు ఒక నెల పోయింది. మిగిలింది 88,000. బల్దియాకు ఇంటి పన్ను 3,000 అనుకుంటే 85,000. ఇగ మరమ్మతు. ఇంటి పన్ను పోంగ మిగిలిన కిరాయిలో 30 శాతానికి ఆదాయపు పన్ను చట్టం మినహాయింపు ఇస్తది. బిల్లులు అడగరు, ఖర్చు పెట్టినా పెట్టకున్నా ఇస్తరు. అసలు ఖర్చు అంతే అని కాదు, అదొక ఆనవాలు. మన లెక్కలో అది 25,500. పోతే మిగిలేది 59,500. నెలకు ఐదు వేలు కూడా పడదు. బ్యాంకు కిస్తీ ఇందులో లేదు.

ఓనర్లకు కష్టముంది. పింఛను లేక, పై అంతస్తు కిరాయితోనే మందుగోలీలు కొనుక్కునే పెద్దమనుషులున్నరు. కానీ ఆ 25 వేలు పక్కకు పెట్టేదెందరు? స్లాబులో సన్న పగులుంటది. నీళ్లు దిగుతయి. లోపలి సలాక తుప్పు పట్టి ఉబ్బుతది, ఉబ్బి సిమెంటును బయటికి తోస్తది. ఎండకాలంలో పగులు పూడ్చి పూత పూస్తే పోయేది. రెండు వానకాలాలు ఆగితే పెచ్చులు కొట్టి మళ్లా చేయించాలె. అప్పటిదాకా ఆ పెచ్చుల కింద పండుకునేది కిరాయిదారు పిల్లలు.

పైగా ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల కిరాయి పట్టుకునుడు చాలా ఇండ్లల్ల ఆచారమైంది. రంగుల పైసలు నెలనెలా కిరాయిలో వచ్చినయి గదా! మళ్లా ఎందుకు?

2021లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికి పట్టికే ఉంది. కట్టడం మరమ్మతు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు, కరెంటు వైరింగు ఓనరువి. నల్లా వాషరు, మోరీ శుభ్రం, పగిలిన కిటికీ అద్దం కిరాయిదారువి. ఇండ్లకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించొద్దు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది చెల్లుతది. మనం కాయితం మీద రాసుకుంటే మాత్రం ఎవరూ అడ్డురారు.

మోటరు ఇంట్లో భాగం, కాబట్టి నా లెక్కల అది ఓనరుదే. దాని కరెంటు బిల్లు పోర్షన్ల వారీగా పంచుకోవాలె. ఇప్పుడున్న అగ్రిమెంటు వెనుక పేజీలోనే ఈ రెండు ముక్కలు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండ్రి.